మధుమేహము – అయస్కాంత చికిత్స: అనుబంధమా? ప్రత్యామ్నాయమా?

ఇటీవలి సంవత్సరములలో మన పట్టణములందు అయస్కాంతము ఒక గృహోపకరణమైనది. నడుమునకు కట్టుకొను పట్టీ, చేతికి తొడుగుకొను కడియము, చెప్పులలో పరచుకొను అట్ట, రాత్రి పండుకొను పరుపు, నీరు నిలువయుంచు సీసా – అన్నిటిలోను అయస్కాంతములే. వీనిని అంగడికి పోయి కొనువారు తక్కువ. బంధువుల ద్వారా, ఇరుగుపొరుగువారి ద్వారా, పెండ్లి విందులో కలిసిన పరిచయస్థుల ద్వారా ఇవి ఇండ్లలోనికి వచ్చుచున్నవి. ఈ నెల కొన్నవారు మరుసటి నెల అమ్మువారగుట ఈ వ్యాపారములో తరచుగా కనిపించు పద్ధతి. మోకాళ్ళ నొప్పి, నిద్రలేమి, రక్తపుపోటు మొదలైన వానికన్నిటికిని ఇది మందని చెప్పుదురు. కాని వినువారి మనస్సును పట్టివేయునది ఒక్క మాట: "షుగర్ తగ్గిపోతుంది, మాత్రలు మానేయవచ్చు."

మా విద్యార్థులలో పలువురు ఈ విషయమై అడుగుచుందురు. ఇంట్లో తండ్రికో, నానమ్మకో మధుమేహము, ఎవరో వచ్చి పరుపు కొనుమన్నారు, కొనవచ్చునా? మేము భాషను బోధించువారమే గాని వైద్యులము కాము. అయినను అనేక కుటుంబములలో రక్తపరీక్ష కాగితమును చదివి పెద్దలకు చెప్పవలసిన మొదటి చదువరి ఈ విద్యార్థియే. అతని మాటమీదనే ఇంటివారు కొంత డబ్బు వెచ్చింతురు, ఒక్కొక్కప్పుడు మందు మానివేయుదురు. కాబట్టి ఈ విషయమున తెలిసినంత సమాచారమును ఒకచోట కూర్చుట అవసరమని తలచితిమి.

వ్యాధి వ్యాప్తిని గురించి ఒక లెక్క చాలును. భారత వైద్య పరిశోధన మండలి వారి సహాయముతో 2008 నుండి 2020 వరకు దేశమంతట జరిపిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశములో మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు. మధుమేహమునకు గడపలో నిలిచియున్నవారు మరి 13 కోట్ల 60 లక్షలు. ఇంతమంది రోగులున్నచోట, జీవితాంతము మందు వాడవలసిన వ్యాధియున్నచోట, "మందు అక్కరలేదు" అను మాటకు ఎంత గిరాకీ ఉండునో వేరుగా చెప్పనక్కరలేదు.

మొదట మాటల సంగతి చూతము. అయస్కాంత చికిత్సను కొందరు 'అనుబంధ చికిత్స' అందురు, మరికొందరు 'ప్రత్యామ్నాయ చికిత్స' అందురు. ఈ రెండు మాటలను ఒకే అర్థములో వాడుట నేడు పరిపాటియైనది. కాని అనుబంధమనగా ప్రధానమైనదానిని అంటిపెట్టుకొని ఉండునది. ప్రత్యామ్నాయమనగా దాని స్థానమున వచ్చునది. గ్రంథమునకు అనుబంధమున్నచో గ్రంథము ఉండియే తీరవలెను. ఇన్సులిన్ వేసుకొనుచు, మాత్రలు మ్రింగుచు, పైన ఒక పట్టీ కట్టుకొన్నచో అది అనుబంధము. పట్టీ కట్టుకొని ఇన్సులిన్ మానినచో అది ప్రత్యామ్నాయము. అమ్మువారు మొదటి మాటతో ఇంటిలోనికి వచ్చి, రెండవ అర్థముతో వస్తువును అంటగట్టుచున్నారు. ఈ చిక్కంతయు ఇక్కడనే ఉన్నదని మా అభిప్రాయము.

ఇక వ్యాధిని గురించి. మన ప్రాచీన వైద్యులు రోగి మూత్రమునకు చీమలు పట్టుటను చూచి దీనికి మధుమేహమని పేరు పెట్టిరి. యునానీ వైద్యులు గ్రీకు మాటను తీసికొని 'జియాబెతుస్' అనిరి. మనము తిన్న అన్నము, రొట్టె, పండు చివరకు గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెర కణములలోనికి పోవుటకు ఇన్సులిన్ అను రసము కావలెను. జీర్ణకోశము వెనుకనున్న క్లోమగ్రంథిలోని బీటా కణములు దానిని తయారుచేయును. ఆ కణములు నశించి ఇన్సులిన్ ఉత్పత్తి దాదాపు నిలిచిపోవుట ఒక రకము. ఇది తరచుగా బాల్యములోను, యౌవనములోను కనిపించును. ఇన్సులిన్ ఉండియు శరీరము దానిమాట వినకపోవుట, క్రమముగా ఉత్పత్తియు తగ్గుట రెండవ రకము. మన ఇండ్లలోని పెద్దలలో ఎక్కువగా కనబడునది ఇదియే. పరగడుపున రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్నచో, మరల పరీక్షించి మధుమేహమని నిర్ణయింతురు. హెచ్.బి.ఏ.1.సి. అను పరీక్ష 6.5 శాతము దాటినను అంతే. ఎర్ర రక్తకణము సుమారు 120 దినములు జీవించును గనుక, ఈ రెండవ పరీక్ష ఒక్క దినపు చక్కెరను గాక గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపును. ఈ సంగతి మున్ముందు మనకు అవసరము కాగలదు.

అయస్కాంత చికిత్సకులు చెప్పు పద్ధతి కష్టమైనది కాదు. రెండు అయస్కాంతములను తీసికొని ఒకదాని ఉత్తరధ్రువముపై కుడి అరచేతిని, రెండవదాని దక్షిణధ్రువముపై ఎడమ అరచేతిని పది నిమిషములు ఉంచుమందురు. కొందరు క్లోమగ్రంథి ఉన్న స్థానమున పట్టీ కట్టుమందురు. నీటి సీసాను రాత్రంతయు అయస్కాంతముపై ఉంచి ఉదయమున ఆ నీరు త్రాగుమందురు. ఇదంతయు ఎట్లు పనిచేయునని అడిగినచో వచ్చు సమాధానము ఒక్కటే: రక్తములో ఇనుమున్నది, అయస్కాంతము ఇనుమును లాగును, కనుక రక్తప్రసారము పెరిగి అవయవములు చైతన్యము పొందును.

వినుటకు ఇది ఎంతయో సబబుగా తోచును. మన భాషలే దీనికి సాక్ష్యము పలుకుచున్నట్లుండును. అయస్సు అనగా ఇనుము. దానికి కాంతమైనది, అనగా ప్రియమైనది, అయస్కాంతము. తెలుగువారు ఇంకను తేటగా సూదిని అంటుకొను రాయిని సూదంటురాయి అనిరి. ఉర్దూలో 'మిఖ్నాతీస్' అందురు. అది గ్రీకు నుండి అరబ్బీ మీదుగా వచ్చిన మాట. కాళిదాసు కుమారసంభవములో శివుని మనస్సును ఉమ ఆకర్షించుటకు అయస్కాంతమునే ఉపమానముగా చెప్పెను. సుశ్రుతుడు శరీరములో దిగిన ఇనుప శల్యమును వెలికితీయు ఉపాయములలో అయస్కాంతమును ఒకటిగా పేర్కొనెను. సుశ్రుతుడు చెప్పినది నిజమైన ఇనుమును గురించి, బాణపు ములికిని గురించి. రక్తములోని ఇనుము అట్టిది కాదు.

ఈ భేదము తెలియుటకు వంటింటి ఉప్పును చూడవచ్చును. సోడియమను లోహమును నీటిలో వేసినచో భగ్గుమని మండును. క్లోరిను విషవాయువు. ఈ రెండును కలిసి ఉప్పైన పిదప దానిని మనము పప్పులో వేసికొని తినుచున్నాము. సమ్మేళనములో చేరిన మూలకము తన మునుపటి గుణములను విడిచివేయును. అట్లే మన శరీరములో మొత్తము మూడు నాలుగు గ్రాముల ఇనుమున్నది. దానిలో చాలభాగము హీమోగ్లోబిన్ అణువులలో ఒక్కొక్క పరమాణువుగా బంధింపబడి ఉన్నది. అది ఇనుపరజను కాదు. 1936లో అమెరికాలో లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ అను శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూచిరి. ఆమ్లజనితో కూడిన హీమోగ్లోబినును అయస్కాంతము లాగదు సరికదా, అత్యల్పముగా దూరమునకు నెట్టును. ఆమ్లజనిని విడిచిన హీమోగ్లోబినును మిక్కిలి స్వల్పముగా ఆకర్షించును. ఈ ఆకర్షణ సూదిని లాగు ఆకర్షణతో పోల్చదగినది కాదు.

బలముల లెక్క కూడ చూడవలెను. అయస్కాంతక్షేత్రమును గాస్‌లలో కొలుతురు. హైదరాబాదు ప్రాంతమున భూమి అయస్కాంతక్షేత్రము సుమారు 0.4 గాస్. చికిత్సకు అమ్ము పట్టీలలోని బిళ్ళల ఉపరితలమున అది కొన్ని వందల గాస్‌లు ఉండును, కొన్నిట వేయి దాటును. కాని చిన్న అయస్కాంతపు బలము దూరముతో అతివేగముగా క్షీణించును. దూరము రెట్టింపైనచో బలము ఇంచుమించు ఎనిమిదవ వంతుకు పడిపోవును. మణికట్టుకు కట్టిన కడియము పొట్టలోపలి క్లోమగ్రంథిని చేరునప్పటికి మిగులునది లెక్కకు రాదు. మరియొకవైపున ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రమున్నది. దాని బలము సాధారణముగా 15,000 గాస్‌లు, కొన్నిట 30,000. మనిషి దానిలో అరగంటసేపు పరుండి లేచుచున్నాడు. అతని రక్తము ఒకవైపునకు లాగబడుట లేదు. ఎం.ఆర్.ఐ. తీయించుకొని వచ్చిన మధుమేహరోగి మరునాడు మాత్రలు మానిన దాఖలా లేదు. నీటి సంగతి ఇంకను తేలిక. నీరు అయస్కాంతమునకు లొంగునది కాదు. సీసాను అయస్కాంతముపై నుండి తీసిన పిదప ఆ నీటిలో అయస్కాంతశక్తి నిలువయుండదు. ఆ నీరు త్రాగుటవలన హాని లేదు. ఉదయమున మంచినీరు త్రాగుట మంచిదే.

ఐతే, సిద్ధాంతము తప్పైనంతమాత్రమున చికిత్స తప్పని తేల్చరాదు. కారణము తెలియకుండనే పనిచేసిన మందులు చరిత్రలో ఎన్నో కలవు. పరీక్షించి చూచితిరా అనునదే ప్రశ్న. ఇక్కడ మనము విదేశములకు పోవుటకు ముందు మన విద్యాసంప్రదాయములోని ఇద్దరు మహనీయులను స్మరించుట యుక్తము. పదకొండవ శతాబ్దికి చెందిన అల్ బీరూనీ, భారతదేశమును గురించి గ్రంథము వ్రాసిన ఆ విద్వాంసుడే, రత్నములను గూర్చి కూడ ఒక గ్రంథము రచించెను. మరకతమును చూచినచో పాము కన్నులు కరగిపోవునని ఆ కాలమున జనులు, పండితులు కూడ నమ్మెడివారు. బీరూనీ ఆ మాటను కొట్టివేయలేదు, నమ్మనూలేదు. పాము మెడకు మరకతముల హారము వేసెను, ఎదుట మరకతములను వ్రేలాడదీసెను, ఎండలోను చలిలోను తొమ్మిది నెలలపాటు చూచెను. పాము కన్నులకు ఏమియు కాలేదు. దాని చూపు మునుపటికన్న తీక్షణమైనదేమో గాని కరగుట మాత్రము లేదని చమత్కరించెను. రాతికి శక్తియున్నదని చెప్పినప్పుడు ఏమి చేయవలెనో చెప్పుటకు ఇంతకుమించిన పాఠము మాకు తోచుటలేదు.

రెండవవాడు ఆయన సమకాలికుడైన ఇబ్న్ సీనా. ఆయన 'అల్ ఖానూన్' గ్రంథములో మందును పరీక్షించుటకు పాటింపవలసిన నియమములను ఏడింటిని చెప్పెను. వానిలో రెండు మన విషయమునకు మిక్కిలి అవసరమైనవి. మందు ఫలితము ఎల్లప్పుడును గాని, పెక్కుసారులు గాని కనబడవలెను. ఒకటి రెండుసారులు కనబడినచో అది కాకతాళీయము కావచ్చును. పరీక్ష మనుష్యుని శరీరముపై జరుగవలెను. సింహముపైనో గుఱ్ఱముపైనో చేసిన పరీక్షను బట్టి మనుష్యునికి అట్లే జరుగునని చెప్పరాదు. యునానీ వైద్యమును ప్రేమించువారు ఈ రెండు నియమములను అయస్కాంతమునకు కూడ వర్తింపజేయవలెను గదా.

ఐరోపాలో అయస్కాంతముతో వైద్యము పెద్ద ఎత్తున జరిగినది పదునెనిమిదవ శతాబ్దిలో. మెస్మర్ అను వైద్యుడు 1774లో వియన్నాలో అయస్కాంతములతో రోగులకు చికిత్స ప్రారంభించి, కొంతకాలమునకు ఇనుప అయస్కాంతము కూడ అక్కరలేదు, ఆ శక్తి తన శరీరములోనే ఉన్నదని చెప్పసాగెను. పారిస్ నగరము ఆయన వెంట పరుగెత్తెను. 1784లో ఫ్రెంచి రాజు ఒక విచారణ సంఘమును నియమించెను. రసాయన శాస్త్రజ్ఞుడు లవోజియే, అప్పుడు అమెరికా రాయబారిగా అక్కడ ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ అందులో సభ్యులు. ఫ్రాంక్లిన్ తోటలో మెస్మర్ శిష్యుడు ఒక చెట్టులోనికి ఆ శక్తిని ప్రసరింపజేసెను. పండ్రెండేండ్ల బాలుని కన్నులకు గంతలు కట్టి వేరు చెట్లయొద్దకు తీసికొనిపోయిరి. శక్తి నింపని నాలుగవ చెట్టుయొద్దనే బాలుడు మూర్ఛిల్లెను. 1799లో ఇంగ్లండులోని బాత్ నగరమున హేగార్త్ అను వైద్యుడు, నొప్పులు తీయునని అప్పట్లో విపరీతముగా అమ్ముడుపోవుచున్న లోహపు కడ్డీలకు బదులుగా, వానివలెనే రంగువేసిన కొయ్యకడ్డీలతో అయిదుగురు రోగులను తాకి చూచెను. నలుగురికి నొప్పి తగ్గెను. రోగులు అబద్ధమాడలేదు. వారికి నిజముగానే హాయి కలిగినది. ఐతే ఆ హాయి లోహములో లేదు.

నేటి పరీక్షలన్నియు ఈ కొయ్యకడ్డీ సంతతియే. రోగులను రెండు వర్గములుగా చీట్లు తీసినట్లు విభజించి, ఒక వర్గమునకు అసలు అయస్కాంతమును, మరొక వర్గమునకు చూచుటకు అట్లే ఉండు ఉత్తుత్తి వస్తువును ఇత్తురు. ఎవరికి ఏది వచ్చినదో రోగికి తెలియదు, ఫలితమును వ్రాయు వైద్యునికి తెలియదు. మధుమేహమునకు సంబంధించి ఇట్టి పరీక్షలు నాడుల బాధ విషయమున జరిగినవి. ఏండ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉన్నచో పాదముల నాడులు దెబ్బతిని అరికాళ్ళ మంటలు, తిమ్మిరి, సూదులతో పొడిచినట్లు బాధ కలుగును. 2003లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరీక్షలో 375 మంది రోగులు 450 గాస్‌ల అయస్కాంతపు అట్టలనో, ఉత్తుత్తి అట్టలనో నాలుగు నెలలు బూట్లలో వేసికొని తిరిగిరి. మూడవ, నాలుగవ నెలలలో అసలు అట్టలు వేసికొన్నవారికి మంటలు, తిమ్మిరి కొంత ఎక్కువగా తగ్గినట్లు తేలెను. అయస్కాంతము పక్షమున చెప్పదగిన సాక్ష్యములలో ఇది గట్టిది. దీనిని దాచుట న్యాయము కాదు.

కాని కథ అక్కడ ముగియలేదు. ఆ పరిశోధకుల నాయకుడే 2009లో 225 మందిపై స్పందించు విద్యుదయస్కాంతక్షేత్రముతో మరియొక పరీక్ష జరిపెను. నొప్పి తగ్గుటలో అసలు యంత్రమునకు, ఉత్తుత్తి యంత్రమునకు భేదము కనబడలేదు. మడమనొప్పికి అయస్కాంతపు అట్టలను పరీక్షించిన వేరొక పరిశోధనలోను, 2003లోనే, భేదము లేదు. అనేక పరీక్షలను కలిపి చూచిన 2007 నాటి సమీక్ష స్థిర అయస్కాంతములు నొప్పిని తగ్గించునని చెప్పుటకు ఆధారము చాలదని తేల్చెను. ఈ పరీక్షలలో ఒక సహజమైన చిక్కు కూడ ఉన్నది. రోగి ఇంటికి పోయి తాళపుచెవుల గుత్తిని అట్టకు తాకించినచో తనది అసలుదో ఉత్తుత్తిదో క్షణములో తెలిసిపోవును. గంతలు అట్లు ఊడిపోయిన పిదప పరీక్షకు విలువ తగ్గును. ఏది ఎట్లున్నను ఇవన్నియు నొప్పిని గురించినవి. రక్తములో చక్కెరను గురించినవి కావు. పాదపు మంట తగ్గినంతమాత్రమున చక్కెర తగ్గినట్లు కాదు.

ఎలుకల పరీక్షను గురించి కూడ అమ్మువారు చెప్పుచుందురు. 2020లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మధుమేహము గల చిట్టెలుకలను స్థిరమైన అయస్కాంతక్షేత్రములోను, విద్యుత్‌క్షేత్రములోను ఏకకాలమున ఉంచగా వాని రక్తములో చక్కెర తగ్గెను. ఇది ప్రసిద్ధ పత్రికలో ప్రకటింపబడిన పరిశోధన, గౌరవింపదగినది. కాని అక్కడ వాడినది సుమారు 30 గాస్‌ల అయస్కాంతము, దానితోపాటు బలమైన విద్యుత్‌క్షేత్రము. రెండును కలిసి శరీరమంతటిని ఆవరించి ఉండవలెను. నడుమునకు కట్టిన పట్టీకిని దీనికిని పోలిక లేదు. పైగా ఎలుక మనుష్యుడు కాదు. ఇబ్న్ సీనా సింహమును, గుఱ్ఱమును పేర్కొనుట ఇందుకే. మనుష్యులలో తగిన పరీక్షలు జరిగి నిలిచిననాడు మేము కూడ సంతోషముగా అంగీకరింతుము.

మరి "నాకు తగ్గింది" అని చెప్పువారి మాట ఏమి? వారందరు మోసగాండ్రని మేము అనము. రక్తములో చక్కెర దినమంతయు పెరుగుచు తరుగుచు ఉండును. మిక్కిలి పెరిగిన దినమున భయపడి పట్టీ కొన్నవానికి, తరువాతి పరీక్షలో అది తనంతట తగ్గుటకు అవకాశమెక్కువ. పట్టీకి వేలకొలది రూపాయలు పోసినవాడు ఆ నెలంతయు తీపి తగ్గించును, సాయంకాలము నడచును, మాత్ర వేళకు వేసికొనును. రంజాన్ నెలలో భోజనవేళలు మారును, షాబాన్‌లో చూచిన చక్కెర షవ్వాల్‌లో ఉండదు. ఫలితమును మాత్రము పట్టీ ఖాతాలో జమ చేయుదురు. అందుచేతనే ఒక్క దినపు వ్రేలి చుక్క పరీక్షతో ఏ చికిత్సనైనను మెచ్చుకొనరాదు. మూడు నెలల సగటును తెలుపు హెచ్.బి.ఏ.1.సి.నే అడుగవలెను.

ఇక అసలు ప్రమాదమును గురించి చెప్పవలెను. అయస్కాంతపు బిళ్ళ ఒంటిపై ఉన్నంతమాత్రమున సాధారణముగా హాని చేయదు. హాని మందు మానుటలో ఉన్నది. ఇన్సులిన్ కనుగొనక పూర్వము మొదటి రకపు మధుమేహము వచ్చిన బిడ్డలు నెలలలోనే, కొద్ది సంవత్సరములలోనే చనిపోయెడివారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో ఆసుపత్రిలో లియోనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి మొదటిసారి ఇన్సులిన్ సూది వేసిరి. మృత్యుముఖమున ఉన్న ఆ బాలుడు కోలుకొని మరి 13 సంవత్సరములు జీవించెను. అట్టి బిడ్డ నేడు పట్టీని నమ్మి ఇన్సులిన్ మానినచో, కొద్ది దినములలోనే రక్తము ఆమ్లమయమై, వాంతులు, ఆయాసము, స్పృహ తప్పుట సంభవించును. పెద్దలలో ఈ హాని మెల్లగా వచ్చును. కంటిచూపు, మూత్రపిండములు, పాదములు చడీచప్పుడు లేకుండ చెడిపోవుచుండును. నొప్పి లేని వ్యాధి గనుక మందు మానిన మొదటి నెలలో రోగికి ఏ మార్పును తెలియదు, పట్టీ పనిచేయుచున్నదనియే తలచును. వేరొక హెచ్చరిక కూడ కలదు. గుండెలో పేస్‌మేకరు అమర్చుకొన్నవారు, ఇన్సులిన్ పంపు వాడువారు బలమైన అయస్కాంతములను దగ్గరకు రానీయరాదు. వాని ప్రభావమున ఆ పరికరముల పని మారిపోవచ్చును.

మన దేశపు చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనలను నిషేధించు చట్టము 1954లో వచ్చినది. ఏయే వ్యాధులను నయము చేయుదుమని ప్రకటించరాదో అందులో ఒక పట్టిక కలదు. మధుమేహము ఆ పట్టికలో ఉన్నది. ఆ చట్టములో 'మందు' అను మాటకు మ్రింగునదనియే అర్థము కాదు. శరీరముయొక్క నిర్మాణమునుగాని, అవయవముల పనినిగాని ప్రభావితము చేయుటకు ఉద్దేశింపబడిన, ఆహారముకాని ఏ వస్తువైనను అందులోనికి వచ్చును. ఢిల్లీలోని హమ్‌దర్ద్ దవాఖానా వారు ఈ చట్టము వాక్‌స్వాతంత్ర్యమునకు విరుద్ధమని సుప్రీంకోర్టుకు పోయిరి. 1959 డిసెంబరులో తీర్పు వచ్చినది. కొన్ని భాగములను కోర్టు కొట్టివేసినను, ఇట్టి వ్యాపార ప్రకటనలకు వాక్‌స్వాతంత్ర్యపు రక్షణ లేదని చెప్పెను. చట్టము ప్రకటనను ఆపగలదు. పెండ్లి విందులో చెవిలో చెప్పు మాటను ఆపజాలదు.

అనుబంధములన్నియు వ్యర్థమని మా అభిప్రాయము కాదు. పరీక్షకు నిలిచిన అనుబంధములు కలవు. మన దేశములోనే మధుమేహపు గడపలో ఉన్న 531 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 2006లో వెలువడినవి. చురుకైన నడక, ఆహారములో మార్పు – వీనివలన వ్యాధిలోనికి జారువారి సంఖ్య 28.5 శాతము తగ్గినది. నడకకు పట్టీ అక్కరలేదు, మధ్యవర్తి అక్కరలేదు, బహుశః అందుకే దానిని ఎవరును ఇంటికి వచ్చి అమ్ముటలేదు. మూలికలను కూడ తీసిపారవేయనక్కరలేదు. నేడు రెండవ రకపు మధుమేహమునకు మొట్టమొదట ఇచ్చు మెట్‌ఫార్మిన్ మాత్రకు మూలము ఐరోపా నాటువైద్యములో వాడుకలో ఉండిన గాలేగా అను మొక్క. దానిలోని గుణమును విడదీసి, దోషమును తొలగించి, పరీక్షించి 1957లో మందుగా నిలబెట్టిరి. నాటువైద్యమునకు ఇంతకన్న గౌరవము వేరేమున్నది?

విద్యార్థి ఇంట్లో ఏమి చెప్పవలెను? పెద్దలతో వాదించి గెలిచినను ప్రయోజనము లేదు. అప్పటికే పట్టీ కొని నమ్మకముతో కట్టుకొన్న తండ్రిని ఎగతాళి చేసినచో ఆయన పట్టీని విడువడు, చాటుగా మాత్రను విడుచును. దానికన్న, "అబ్బా, పట్టీ పెట్టుకోండి, నేను వద్దనను. మాత్ర మాత్రం మానకండి. మూడు నెలలకు రక్తపరీక్ష చేయిద్దాం, అప్పుడు డాక్టరుగారు ఏమంటే అది చేద్దాం" అని చెప్పుట మేలు. పట్టీ ఇంకను కొనకున్నచో ఆ డబ్బుతో వ్రేలి చుక్క పరీక్ష చేయు చిన్న యంత్రమును, దాని పట్టీలను కొనుట ఉత్తమము. అవి కూడ పట్టీలే, కాని నిజము చెప్పు పట్టీలు. ఇంటికి వచ్చి అమ్మువారిని అడుగదగినది ఒక్కటే: చక్కెర తగ్గునని చెప్పుచున్నారే, ఉత్తుత్తి పట్టీతో పోల్చి, మనుష్యులపై జరిపి, మూడు నెలల సగటును చూపిన పరీక్ష ఏది?

పాదముల సంగతి చెప్పక విడువరాదు. అయస్కాంతపు అట్టలు కొనువారిలో పెక్కుమంది అరికాళ్ళ మంటలు గలవారే. మంటయున్నప్పుడు అట్టపై ధ్యాస, మంట పోయినచో నయమైనదని సంతోషము. కాని నాడులు పూర్తిగా మొద్దుబారినప్పుడు కూడ మంట పోవును. అది నయమగుట కాదు, ప్రమాదము పెరుగుట. అట్టి పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. వేసవి మధ్యాహ్నమున మసీదు ప్రాంగణపు రాళ్ళపై, గుడి ప్రదక్షిణపు బండలపై ఉత్తకాళ్ళతో నడచి అరికాళ్ళు బొబ్బలెక్కినను తెలియక, పుండు పడిన పిదప వైద్యుని యొద్దకు వచ్చువారు కలరు. అట్టివారు చాపలు పరచినచోట నడువవలెను, కాళ్ళకు మేజోళ్ళు తొడుగుకొనవలెను. వైద్యుడు సన్నని నైలాను పోగును అరికాలికి ఆనించి స్పర్శ ఉన్నదో లేదో నిమిషములో చెప్పగలడు. సంవత్సరమునకు ఒకసారియైనను ఈ పరీక్ష చేయించుకొనవలెను. నమాజు చేయువారికి ఒక సౌకర్యము కలదు. దినమునకు పలుమారులు వుజూ చేయునప్పుడు పాదములు చేతికి వచ్చును. ఆ సమయమున వ్రేళ్ళ సందులను, మడమను, అరికాలిని కన్నులతో చూడవలెను. చూపు ఆననివారికి ఇంట్లోని పిల్లలు చూచి చెప్పవలెను. కడిగినంత శ్రద్ధతో వ్రేళ్ళ సందులు తడి లేకుండ తుడుచుకొనవలెను. చెప్పులు తొడుగుకొనుటకు ముందు లోపల చేయి పెట్టి రాయిగాని మేకుగాని ఉన్నదేమో తడిమి చూడవలెను.